చేయి పట్టి ఇచ్చే తీర్థం: ఊటగడ్డ చుక్కలమ్మ కథ

ఊటగడ్డ చుక్కలమ్మ తల్లికీ, ఆ తల్లిని చూడవచ్చిన మీకూ నమస్కారం.

పెద్ద రోడ్డు దిగి వాగు వెంట వచ్చే భక్తులకు మొదట కనిపించేవి పసుపు మళ్ళు. మళ్ళ నడుమ ఒక చిన్న మిట్ట, మిట్ట అడుగున ఎండాకాలంలో కూడా ఇంకిపోని నీటి ఊట. అందువల్లనే ఈ చోటికి ఊటగడ్డ అనే పేరు వచ్చింది. మిట్ట మీద నాలుగు రాతి స్తంభాల నడుమ అమ్మవారు నిలబడి ఉంటుంది. పైకప్పు లేదు. కట్టిస్తామని ముందుకు వచ్చిన దాతలు ఉన్నారు. వారి భక్తిని కాదనలేక, వారి మాటకు ఒప్పుకోలేక ప్రతిసారీ నమస్కారం పెట్టి పంపించాము. ఈ తల్లి ఎండలో ఉండవలసిన తల్లి.

విగ్రహం నడుమెత్తు నల్లరాయి. ఎడమ కన్ను చుట్టూ, పెదవి కొసన, రెండు చేతుల వేళ్ళ మీద పాల వంటి తెల్లని మచ్చలు ఉంటాయి. కొత్తగా వచ్చినవారు సున్నం అంటిందా, చందనం ఎండిపోయిందా, ఎవరైనా పెచ్చు లేపారా అని అడుగుతారు. అవేమీ కాదు. అది అమ్మవారి ఒంటి రంగు.

ఇతర క్షేత్రాలలో అమ్మవారి ముఖానికి పసుపు పూస్తారు, పండుగనాడు వెండి ముఖం తొడుగుతారు, నైవేద్యం వేళ తెర వేస్తారు. ఇక్కడ అవేవీ చేయకూడదు. పసుపూ సున్నమూ కలిపిన పారాణిని పాదాలకు మాత్రం పెడతాము. తీర్థం ఇచ్చే పద్ధతి కూడా వేరు. అర్చకుడు ఎడమ చేత్తో భక్తుని మణికట్టు పట్టుకుని, కుడి చేత్తో తీర్థం పోస్తాడు. ముట్టుకోకుండా పైనుంచి పోయడం ఈ గుడిలో అపచారం. ఈ ఆచారాలన్నీ ఒకే రోజున, ఒక ఆడమనిషి మూలంగా పుట్టాయి.

ఆ కథలోకి వెళ్ళే ముందు ఒక అబద్ధాన్ని తుడిచిపెట్టాలి. ఇదివరకు ఈ గుడి పేరున అచ్చయిన చిన్న పుస్తకంలో, అమ్మవారు ప్రత్యక్షమై సూరక్క అనే భక్తురాలి మచ్చలు మాయం చేసి ఆమెకు మేలిమి బంగారు ఛాయ ప్రసాదించిందని రాశారు. ఆ వాక్యం కంటబడినప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది. తన ఒంటి మీద మచ్చలు ఉన్న తల్లి ఎదుటి ఆడపిల్ల మచ్చలు చూసి ఓర్వలేక తుడిచివేసిందా? అయితే తనవి ఎందుకు ఉంచుకున్నట్టు? రాసినవారికి ఆ మాత్రం ఆలోచన రాలేదు. ఆ పుస్తకం పుణ్యమా అని మిట్ట కింద మచ్చల నూనె అమ్మే కొట్లు వెలిశాయి. ఆ నూనెకూ ఈ గుడికీ ఏ సంబంధమూ లేదు. మందు కావలసినవారు వైద్యుని దగ్గరకు వెళ్ళండి. వెళ్ళినా, వెళ్ళకపోయినా ఇక్కడికి రండి.

నేను ఈ గుడి అర్చకుణ్ణి. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న కథను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో మా వంశపు పూజారి ఒకాయన వస్తాడు. ఆయనను నేను వెనకేసుకు రాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఒక మట్టి గద్దె మాత్రం ఉండేది. గద్దె మీది కొయ్య విగ్రహం వాగు పొంగినప్పుడు కొట్టుకుపోగా, ఊరివారు వట్టి గద్దెకే దండం పెట్టుకునేవారు. పసుపు పండించే ఊరు కనుక ఒక ఆచారం మాత్రం తప్పకుండా సాగేది. ఏటా ఎవరి మడిలో తవ్వకం ముందుగా మొదలైతే ఆ ఇంటి ఇల్లాలు పచ్చి పసుపు కొమ్ములు నూరి, తన చేత్తో గద్దెకు పూయాలి. దానిని తొలి పసుపు అనేవారు. పూసిన ఇల్లాలి చేత ఊరి ఆడవారందరూ కుంకుమ పెట్టించుకుంటే గాని మిగతా మళ్ళలో తవ్వకాలు మొదలయ్యేవి కావు.

ఊట పక్కనే ఉన్న మడి ఓబన్న అనే రైతుది. నీరు చేతిలో ఉన్నందున ఆయన వానల కోసం ఎదురుచూడకుండా ముందే విత్తనం నాటేవాడు. అందుచేత తొలి పసుపు పూసే భాగ్యం ఏటేటా ఆయన భార్య సూరక్కకే దక్కేది. సూరక్క కలుపుగోలు మనిషి. ఆమె నవ్వితే వాగుకు అవతలి గట్టున వినిపించేదని ప్రతీతి.

అటువంటి సూరక్కకు ఒకనాడు వేలి మీద తెల్లని చుక్క కనిపించింది. పిండి అంటిందనుకుని కొంగుతో తుడుచుకుంది. అది పోలేదు. కొన్నాళ్ళకు వేళ్ళన్నీ తెల్లబడ్డాయి. తర్వాత ఎడమ కన్ను చుట్టూ, ఆ తర్వాత పెదవి కొసన మచ్చలు వచ్చాయి. నొప్పి లేదు, దురద లేదు, ఆకలి తగ్గలేదు, పని ఆగలేదు. ఒంటికి ఏ బాధా లేదు. బాధంతా ఊరికి వచ్చింది.

చేపలు తిని పాలు తాగి ఉంటుందన్నారు. కిందటి జన్మలో పామును చంపి ఉంటుందన్నారు. మచ్చలకు మందని బావంచి గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టారు. ఒళ్ళు బొబ్బలెక్కింది. బొబ్బలు మానాయి, మచ్చలు అలాగే ఉన్నాయి. అప్పుడిక మందులు మాని దూరం జరగడం మొదలుపెట్టారు. ఎవరూ ఆమెను తిట్టలేదు, తరమలేదు. అది తమ మంచితనమని కూడా చెప్పుకున్నారు. ఆమె పసిబిడ్డను ఎత్తుకోబోతే తల్లి వచ్చి, బిడ్డకు నిద్రవేళ అయిందని తీసుకుపోయేది. ఆమె కుంకుమ భరిణె పట్టుకుంటే ఎదుటి ఆడవారికి ఇంకా స్నానం కాలేదని గుర్తుకొచ్చేది. పూజారి నంబయ్య, అంటే మా వంశపు మహానుభావుడు, అందరి చేతిలోనూ దగ్గరగా పోసే తీర్థాన్ని ఆమెకు మాత్రం మూరెడు ఎత్తు నుంచి పోసేవాడు. సగం నేల పాలయ్యేది. మిగిలిన సగం కళ్ళకద్దుకుని ఆమె వెళ్ళిపోయేది.

ఎదుటివారి చూపు మొదట ఎక్కడ వాలుతుందో సూరక్కకు కంఠతా వచ్చేసింది. కన్ను మీద వాలి, పెదవి మీదికి జారి, చేతుల దగ్గరకు పోయి, చివరకు గట్ల మీదికి పారిపోతుంది. వారు మాట్లాడే మాటలు ఆమెకు వినబడేవి కావు. మనసంతా ఆ చూపు వెంట తిరిగేది. ముఖాన పసుపు దట్టంగా పూసుకుని చూసింది. మామూలు చర్మం మీద పసుపు అణగిపోయి, తెల్లని చోట మరింత కొట్టొచ్చినట్టు కనబడింది. పైట ముఖం మీదికి లాగుకోవడం, చేతులు కుచ్చిళ్ళలో దాచుకోవడం అలవాటైంది. నవ్వితే పెదవి కొస బయటపడుతుందని నవ్వు మానుకుంది.

ఓబన్న చెడ్డవాడు కాడు. "ముసుగు వేసుకోని పోరాదా సూరా? వాళ్ళు అడిగేవాటికంతా నువ్వు యాడ జవాబు చెప్తావు?" అని నచ్చజెప్పేవాడు. ప్రేమతోనే అనేవాడు. అందుకే ఆ మాట ఆమెకు మిగతా అందరి మాటలకన్నా లోతుగా దిగింది. తనను చూసి తన మనిషి కూడా ఇబ్బంది పడుతున్నాడని ఆమెకు అర్థమైంది.

ఆ ఏడు తొలి పసుపు సమీపించగానే సూరక్క తనంతట తానే, చెయ్యి నొప్పిగా ఉందని, మరెవరినైనా పూయమని కబురు పంపింది. ఊరివారు ఎంతో బాధపడినట్టు ముఖాలు పెట్టి వెంటనే ఒప్పుకున్నారు. వద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా అని ఈనాటికీ కొందరు భక్తులు నాతో వాదిస్తారు. నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పనే లేకుండా చేసినవారు ఎవరు?

ఓబన్న మడిలో తవ్వకం మొదలైన రోజున, కూలివారు అన్నాలకు వెళ్ళిన వేళ చూసుకుని సూరక్క ఒంటరిగా మడిలోకి దిగింది. ఎవరూ లేనప్పుడే పని చేసుకోవడం ఆమెకు అప్పటికి అలవాటైంది. గునపం రాతికి తగిలింది. మట్టి తోడితే తల, భుజాలు, చేతులు బయటపడ్డాయి. ఎవరు ఎప్పుడు చెక్కారో, ఏ వరదకు కొట్టుకువచ్చిందో తెలియని నల్లరాతి అమ్మవారు. సూరక్క ఊట నుంచి నీళ్ళు తెచ్చి ముఖం మీద పోసింది. ఎడమ కన్ను చుట్టూ తెల్లని మచ్చ. మట్టి అంటుకుందనుకుని కొంగుతో తుడిచింది, తన వేలిని తుడుచుకున్నట్టే. అది పోలేదు. మళ్ళీ నీళ్ళు పోసింది. పెదవి కొసన మచ్చ. చేతుల మీద మచ్చలు.

తనను ఎవరో ఎగతాళి చేస్తున్నారేమోనని ఆమె మొదట చుట్టూ చూసింది. ఎవరూ లేరు. అమ్మవారి ముఖంలోకి మళ్ళీ చూసింది. ఆ కళ్ళు గట్ల మీదికి పారిపోలేదు. సూరక్కకు నవ్వు వచ్చింది. చాలా కాలం ఆపుకున్న నవ్వు కనుక గట్టిగా వచ్చింది, అవతలి గట్టు దాకా వినిపించింది. ఆ నవ్వు విని ఊరు పరుగెత్తుకు వచ్చింది.

అదే వేళకు ఊరిపెద్ద తిప్పానాయుడు భోజనం చేసి కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించి, "పసుపు మడిలో ఉన్నాను, నన్ను పైకెత్తినదాని చేతనే తొలి పసుపు పూయించుకుంటాను" అని చెప్పింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ఆనందం పట్టలేక ఆ కలను దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ మడికి వచ్చాడు. తర్వాత ఆ మాటను మింగుదామన్నా వీలు లేకపోయింది.

గుంతలోనుంచి పైకి లాగేసరికి మళ్ళీ ముఖం దాకా బురద అంటిన అమ్మవారి ముందు అందరూ సాగిలపడ్డారు. ఆడవారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. విగ్రహాన్ని గద్దె దగ్గరకు మోసుకుపోయి బిందెలతో నీళ్ళు పోశారు. మట్టి పూర్తిగా పోయి మచ్చలు బయటపడగానే జేజేలు ఆగిపోయాయి. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పక్క ఊళ్ళవారు మనల్ని చూసి నవ్వుతారని ఒకరన్నారు. రాయి మంచిది కాదని ఒకరన్నారు. చివరకు గుంపులోనుంచి ఎవరో, ఇదంతా సూరక్క చెయ్యి తగిలినందువల్లనే అన్నారు. రాతికి కూడా ఆమె అంటించిందట! ఆ మాట అన్నవారి పేరు కథలో మిగలలేదు. మిగిలి ఉంటే ఈ పుస్తకంలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ఉండేవాణ్ణి.

శిల్పి వీరోజును పిలిపించారు. ఆ తెలుపు రాతితో పాటు పుట్టినదని, ఉలితో పోదని అతడు చెప్పాడు. అయితే పైన గచ్చు పూసి కప్పెయ్యమని తిప్పానాయుడు అన్నాడు. సున్నపు గచ్చులో దీపపు మసి కలిపి, రాతి రంగుకు తెచ్చి మచ్చల మీద మెత్తాలని నిర్ణయించారు.

అప్పటిదాకా ఒక పక్కన నిలబడి ఉన్న సూరక్క ముసుగులోనుంచే అడిగింది. "ఆ యమ్మ ఒళ్ళు ఆ యమ్మది గదా పెదనాయనా. పూసేముందు ఆమెను అడిగినారా?"

"నీ మడిలో దొరికినంత మాత్రాన నీ సొత్తు కాదు అమ్మీ," అన్నాడు తిప్పానాయుడు. "నీ మంచికే చెప్తాండా. ప్రతిష్ఠనాడు ముందుకు రావద్దు. యాడన్నా ఎనక కూర్చో."

కలలో అమ్మవారు చెప్పిన మాటకు నంబయ్య ఉపాయం కనిపెట్టాడు. సూరక్క మడి పసుపు అయితే చాలునట, పూసే చెయ్యి ఎవరిదైనా ఒకటేనట. ఈ శాస్త్రం ఎక్కడ ఉందో నేను ఎంత వెతికినా నాకు దొరకలేదు. తిప్పానాయుడి భార్య నాగులమ్మ పూసేటట్టు ఏర్పాటు జరిగింది. నాగులమ్మ మాట పెగలని మనిషి. ఎంత ఎండలోనైనా భుజాల చుట్టూ నిండుగా పైట కప్పుకుని ఉంటుందని ఊరు ఆమెను మెచ్చుకునేది.

పసుపు నూరి ఇమ్మని సూరక్క ఇంటికి కబురు వచ్చింది. ఇవ్వనని చెప్పడానికి ఆమెకు నోటి దాకా వచ్చింది. తన చెయ్యి పనికిరాదు, తన రెక్కల కష్టం మాత్రం పనికివస్తుంది! ఓబన్న కూడా ఆ రోజు కోపంతో గునపం విసిరికొట్టాడు. అయినా సూరక్క కొమ్ములు కడిగి, మెత్తగా నూరి, కొత్త కుండలో పెట్టి పంపింది. కోపం మనుషుల మీదే గాని తల్లి మీద కాదని ఓబన్నతో చెప్పింది. తాను వెళ్ళి మిట్ట అంచున అందరి వెనక ముసుగు దించుకుని కూర్చుంది.

ముహూర్తం మధ్యాహ్నానికి పెట్టారు. ముందునాటి సాయంత్రం మెత్తిన గచ్చు ఇంకా చెమ్మ ఆరలేదు. నల్లగా, నున్నగా, ఎక్కడా మచ్చ లేకుండా అమ్మవారు నిలబడి ఉంది. అందరి ముఖాలూ కళకళలాడాయి. నాగులమ్మ కుండలో చెయ్యి ముంచి అమ్మవారి ముఖానికీ చేతులకూ పసుపు పూసింది. కొంతసేపు ముఖమంతా పచ్చగా ఉంది. ఆ తర్వాత ఎడమ కన్ను చుట్టూ ఎరుపు పుట్టింది. పెదవి కొసన ఎరుపు. వేళ్ళ మీద ఎరుపు. ఎక్కడెక్కడ గచ్చు మెత్తారో అక్కడక్కడే రక్తం చిమ్మినట్టు ఎర్రబడి, మసి నీళ్ళతో కలిసి చెంపల మీద కారడం మొదలైంది.

పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ఈ నేల మీద తెలియని ఇల్లు లేదు. పెళ్ళికూతురికి పారాణి పెట్టే ప్రతి ముత్తైదువా ఎరుగును. పసుపు పండించి బతికే ఊరికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? కాని మచ్చలు దాచాలన్న తొందరలో ఒక్కరికీ తట్టలేదు. దాచిన చోట్లు మాత్రమే లోకానికి కనబడేటట్టు వారి చేతులతో వారే చేసుకున్నారు. అమ్మవారి లీల అని కొందరంటారు. అమ్మవారు మనుషుల తెలివితక్కువతనాన్ని కూడా వాడుకుంటుందని నా నమ్మకం.

జనం హాహాకారాలు చేశారు. నాగులమ్మ తన ఎర్రబడిన అరచేతులు చూసుకుంది. ఆమె జుట్టు విడిపోయింది. ఎన్నడూ గడప దాటి వినిపించని గొంతు మిట్టంతా మారుమోగింది.

"నా మొగానికి మసి పూసినోడు ఎవడ్రా?"

ఆమె జనం వైపు తిరిగింది. "మట్టిలో ఉన్నప్పుడు కాళ్ళ మీద పడితిరి. కడిగినాక మొగం తిప్పుకుంటిరి. మట్టిలో అమ్మను, మచ్చ కనపడితే రాయినా? నా ఎండ నా మీద పడనీకుండా నన్ను కప్పేదానికి మీరెవుర్రా?" అంటూ ఆమె తిప్పానాయుడి ఎదుటికి వచ్చి భుజం మీది పైట లాగేసింది. భుజం నుంచి మెడ దాకా తెల్లని మచ్చ పరుచుకుని ఉంది.

"ఇది గూడా సూరక్క చెయ్యి తగిలే వచ్చిందా నాయుడా? కప్పుకో, కప్పుకో అని నువ్వు చెప్పబట్టి, నేను ఎండ ఎరగక ఎన్నేండ్లాయె?"

అది పూనకమో, నాగులమ్మ సొంత కోపమో పెద్దలు తేల్చలేదు. నేనూ తేల్చను. రెండింటికీ తేడా ఉందని నాకు తోచదు. తిప్పానాయుడు మాత్రం తల వంచుకున్నాడు. తన ఇంట్లో దాచి ఉంచిన మచ్చనే ఊరి నడుమ ఆయన గచ్చుతో కప్పించాడని అప్పుడు అందరికీ తెలిసింది.

"నన్ను ఎత్తిందాన్ని పిలవండి," అని ఆజ్ఞ అయింది.

జనమంతా వెనక్కి తిరిగి సూరక్కను చూశారు. ఇక్కడ భక్తులు ఒక సంగతి గ్రహించాలి. ఆ చూపుల్లో అప్పుడు ఏవగింపు లేదు, భయమూ వేడుకోలూ ఉన్నాయి. అయినా సూరక్కకు లేచి పారిపోవాలనిపించింది. అన్నేళ్ళు చూపులకు భయపడిన మనిషికి గౌరవంగా చూసినా చూపే కదా. ఆమె కాళ్ళు మిట్ట దిగే వైపుకు తిరిగాయి కూడా. అంతలో అమ్మవారి చెంప మీద కారుతున్న మసి కనిపించింది. ఆ ముఖం అలా ఉండగా వెళ్ళిపోవడానికి ఆమెకు మనసు రాలేదు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. ముసుగు తీయలేదు.

"ముందు ఆ యమ్మ మసి కడగండి," అంది. "పూయించినోళ్ళే కడగండి. నా ముసుగు సంగతి నేను చూసుకుంటా."

తిప్పానాయుడు, నంబయ్య చింతపండు పిసికి ఆ రసంతో విగ్రహాన్ని తోమారు. ఎరుపు తిరిగి పసుపై కారిపోయింది. గచ్చు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. మూలల్లో ఇరుక్కున్నదాన్ని గోళ్ళతో గీకారు. ఎండ మాడ్చేస్తున్నా ఎవరూ వారికి సాయం వెళ్ళలేదు. సూరక్క వెళ్ళనివ్వలేదు. చివరి గచ్చు తుడిచాక ఎడమ కన్ను చుట్టూ తెల్లని మచ్చ మెరిసింది.

అప్పుడు సూరక్క తన ముసుగు తీసింది. ఎవరో తీయమన్నందుకు తీయలేదు. మడిలోకి దిగే ముందు ఎలా చేస్తుందో అలా కొంగు తీసి నడుముకు బిగించుకుంది. అమ్మవారి ముఖంలోకి చూసి, "దాచుకునేదానికి పూసే పసుపు నేను శానా పూసుకుంటి. నీ మొగానికి వద్దులే తల్లీ," అంది. కుండలో మిగిలిన పసుపులో సున్నం కలిపి పారాణి చేసి, అందరూ చూస్తుండగా పాదాలకు పెట్టింది. ఆమె తెల్లని వేళ్ళు ఎర్రగా పండాయి.

ఇక తీర్థం. నంబయ్య పాత్ర తెచ్చి, అలవాటు చొప్పున చేతిని పైకెత్తాడు. అంత జరిగిన తర్వాత కూడా! సూరక్క చాపిన చెయ్యి కదపలేదు.

"పట్టుకోని పొయ్యి పూజారయ్యా."

"అది ఆచారం కాదమ్మీ," అన్నాడు నంబయ్య.

"అయితే ఈ పొద్దు నుంచి ఆచారం చెయ్యి."

నాగులమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడి తానూ చెయ్యి చాపింది. వెనక ఓబన్న వచ్చి చెయ్యి చాపాడు. నంబయ్య చివరకు ఎత్తిన చేతిని దించి, సూరక్క మణికట్టు పట్టుకున్నాడు. తీర్థం ఒక్క చుక్క కూడా నేల పాలు కాలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆయన చేతికి ఏమీ అంటలేదు, ఆనాడు గాని ఆ తర్వాత గాని. ఇంత చిన్న పని చేయడానికి, ఒక మనిషి చెయ్యి పట్టుకోవడానికి, ఒక దేవత మడిలోనుంచి లేచి రావలసి వచ్చింది. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గూ కోపమూ కలిసి వస్తాయి.

ఆ రోజు నుంచి అమ్మవారిని చుక్కలమ్మ అని పిలుస్తున్నాము. ఆ పేరు పెట్టింది నాగులమ్మ అంటారు.

సూరక్క మచ్చలు పోలేదు. వయసుతో పాటు పెరిగాయి. ముసలితనంలో ఆమె మెడా చేతులూ దాదాపు పూర్తిగా తెల్లబడ్డాయి. చూపుల భయం కూడా ఒక్కరోజులో పోలేదు. కొన్ని ఉదయాలు ఆమె కొంగు ముఖం మీదికి లాగుకుని గడప దగ్గరే ఆగిపోయేదట. అటువంటి రోజున ఊళ్ళోకి పోకుండా ముందు మిట్టకు వచ్చి, అమ్మవారి ఎదుట ఎండలో కాసేపు కూర్చుని, కొంగు నడుముకు బిగించుకుని అప్పుడు పనికి పోయేది. కడదాకా తొలి పసుపు ఆమే నూరింది. ఆమె నవ్వు మళ్ళీ అవతలి గట్టుకు వినిపించింది.

ఇప్పటికీ ఏటా తొలి పసుపునాడు మధ్యాహ్నం వేళ పారాణి సేవ జరుగుతుంది. ముసుగులు, శాలువాలు, తలగుడ్డలు మిట్ట కింద ఉంచి పైకి రావాలి. మచ్చలున్నవారూ లేనివారూ ఒకే వరుసలో నిలబడతారు. ఎవరి తీర్థం వారికి చెయ్యి పట్టి ఇస్తాము. తాకించుకోవడం ఇష్టం లేదని గొణిగే పెద్దమనుషులు ప్రతి ఏడూ ఒకరిద్దరు వస్తారు. వారికి తీర్థం లేదు. ఎంతటివారైనా సరే లేదు.

మొన్నటి తొలి పసుపునాడు పట్నం నుంచి ఒక తల్లి తన కూతురిని తీసుకువచ్చింది. ఎండ చురుక్కుమంటున్నా ఆ పిల్ల ముఖం చుట్టూ చున్నీ, చేతులకు గ్లౌజులు ఉన్నాయి. కింద విప్పాలని ఎవరో చెబితే ఇద్దరూ జంకారు, సరేలెమ్మని నేనే పైకి రానిచ్చాను. సూరక్క చేత కూడా ఎవరూ బలవంతాన ముసుగు తీయించలేదు. వరుసలో తమ వంతు రాగానే ఆ తల్లి నా దగ్గరకు వంగి, "మా పాపకు పైనుంచి పోయండి స్వామీ, ఫరవాలేదు, మేమేమీ అనుకోము," అంది.

నా గుండె మండిపోయింది. ఆమె మీద కాదు. ఎదుటివారు తోసేయకముందే తన బిడ్డను తానే పక్కకు జరుపుకోవడం ఆ తల్లికి నేర్పిన లోకం మీద. "ఇక్కడ పైనుంచి పోయమమ్మా," అని మాత్రం చెప్పాను.

ఆ పిల్ల అమ్మవారి ముఖం వంక చాలాసేపు చూసింది. చున్నీ దించింది. కుడి చేతి గ్లౌజు తీసి చెయ్యి చాపింది. వేళ్ళు అమ్మవారి వేళ్ళలాగే ఉన్నాయి.

"పట్టుకుంటే మీకేం ఇబ్బంది లేదా అండీ?" అని అడిగింది.

మణికట్టు పట్టుకుని తీర్థం పోశాను. ఆమె తాగి, తడి చెయ్యి తలకు రాసుకుని, మెట్లు దిగుతుండగా తల్లి ఆ పిల్ల రెండో చేతి గ్లౌజు కూడా తీసి తన సంచిలో పెట్టుకోవడం చూశాను.

ఈ కథ చదివినవారికి, విన్నవారికి మచ్చలు పోతాయని నేను రాయను. ఎదుటివారి చూపుకు తల దించుకోని ధైర్యం కలుగుతుంది, ఒకనాడు కాకపోతే మరొకనాడు. చూసేవారికి కాస్త బుద్ధి కలుగుతుంది. చుక్కలమ్మ ఇచ్చే వరాలు ఇవి. ఊటగడ్డకు రండి. కొబ్బరికాయ తెచ్చుకోకపోయినా, మొక్కు ఏమీ లేకపోయినా రండి. చెయ్యి చాపి నిలబడితే చాలు. పట్టుకోవడం మా పని.